మైనస్ నూట ఇరవై ఎనిమిదో టోకెన్

ఆతియా ఏం ఉద్యోగం చేస్తోందో ఇల్లందులో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మా అమ్మాయి డ్రైవర్లు రాస్తది" అని వాళ్ల నాన్న చాంద్ పాషా తన మైకు సెట్ల దుకాణంలో కూర్చుని ఎవరితోనో అన్నాడు. ఆ మాట బస్టాండు దాటి గని కార్మికుల క్వార్టర్లకు చేరేసరికి, ఆ పిల్ల ఖమ్మంలో బస్సు నడుపుతోందని అయింది. కొన్నాళ్లకు ఒక సంబంధం వాళ్లు వచ్చారు. చాయ్ తాగారు, బిస్కెట్లు తిన్నారు. లేవబోతూ పెళ్లికొడుకు మేనమామ గొంతు తగ్గించి అడిగాడు.

"హెవీ లైసెన్సా భాయ్, లైటా?"

చాంద్ పాషాకు కోపం రాలేదు. పెళ్లిళ్లకూ ఉర్సులకూ మైకులు కిరాయికిచ్చే మనిషి. ఎంత గట్టిగా చెప్పినా జనం తమకు కావలసిందే వింటారని ఆయనకు అనుభవమే. "బస్సులకు కాదు భాయ్, మిషన్లకు" అన్నాడు. వాళ్లు మట్టి తవ్వే పొక్లెయిన్ అనుకుని వెళ్లిపోయారు.

నిజానికి ఆతియా పని ఇంతకంటే చిన్నది, ఇంతకంటే చిక్కుది. కంప్యూటరుకు బయటి నుంచి ఏ యంత్రాన్ని తగిలించినా, ఆ రెండింటికీ మధ్య ఒకరి మాట ఒకరికి చేరవేసే ప్రోగ్రాం ఒకటి ఉండాలి. దాన్నే డ్రైవర్ అంటారు. ఆతియా ఖమ్మంలో ఎమ్సీయే చదివి, రంగుల దుకాణం పైనున్న రెండు గదుల కంపెనీలో చేరింది. యజమాని జాషువా. బడులకు ఎలక్ట్రానిక్ గంటలు, హోటళ్లకు పరుగెత్తే అక్షరాల బోర్డులు, దవాఖానాలకు టోకెన్ యంత్రాలు తయారుచేసేవాడు. తయారుచేసేవాడు అనడం కంటే, ముందు అమ్మేసి తర్వాత తయారుచేయించేవాడు అనడం సరైన మాట. ఆయన అమ్మినవాటన్నిటికీ ప్రోగ్రాం రాసిన కుర్రవాడు అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ ప్రోగ్రాం పైన "ముట్టుకోవద్దు" అని ఒక హెచ్చరిక వదిలిపోయాడు. ఆతియా ఉద్యోగమల్లా దాన్ని ముట్టుకోవడమే.

ఆ కంపెనీ టోకెన్ యంత్రం ఒకటి భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట, క్రైస్తవ మిషన్ వాళ్ల పాత దవాఖానాలో ఉండేది. కౌంటరు దగ్గర బటన్ నొక్కితే చీటీ వస్తుంది. లోపల డాక్టరు తన బటన్ నొక్కితే, ఇంకా చూడకుండా మిగిలినవాళ్లలో అందరికంటే తక్కువ నంబరు ఎవరిదో వెతికి బోర్డు ఎర్రగా చూపించి గంట కొడుతుంది. రక్తపరీక్షకు వెళ్లి వచ్చినవాడు తన వంతు పోగొట్టుకోకూడదని అలా రాశారు. గోడ మీద కూడా "తక్కువ నంబరు వారిని ముందు పిలువబడును" అని నీలం రంగుతో రాయించారు. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పున్నా అర్థం సరిగానే ఉందని అందరూ అనుకునేవారు.

రెండువేల ఆరు వానాకాలంలో చికున్‌గున్యా వచ్చింది. ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డాయి. మోకాళ్లు వంగక, వేళ్లు ముడుచుకోక, జనం ఒకరినొకరు పట్టుకుని ట్రాక్టర్లలో, ఆటోల్లో దవాఖానాకు వచ్చారు. యంత్రం పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనంత గుంపు అది.

ఒక సోమవారం రెండు వందల యాభై ఐదో చీటీ అయిపోయాక, వరసలో చిట్టచివర నిలబడ్డ బొజ్జయ్య బటన్ దగ్గరకు వచ్చాడు. అడవి లోపలి కోయగూడెం నుంచి నడిచి వచ్చాడు. చీటీ మీద సున్నా పడింది. ఆ సున్నాను ఆయన పరిశీలించి చూస్తుండగానే గంట మోగి బోర్డు మీద సున్నా వెలిగింది. తనను పిలిచారు కాబట్టి బొజ్జయ్య లోపలికి వెళ్లాడు. వెనక వందమంది లేచారు. లేవలేనివాళ్లు కూర్చున్నచోటి నుంచే తిట్టారు.

"ఆఖరున వచ్చినోడు ముంగట ఎట్ల పోయిండు? వీనికి లోపల చుట్టాలున్నరా?"

బొజ్జయ్యకు ఆ దవాఖానాలో చుట్టాలు కాదు కదా, తెలిసిన కుక్క కూడా లేదు. మందు తీసుకుని బయటికి వస్తే చొక్కా పట్టుకున్నారు. హెడ్ నర్సు విశ్రాంతమ్మ మధ్యలోకి దూరి ఆయన్ని విడిపించి, వెనక గేటు నుంచి పంపించింది. తర్వాత ఖమ్మానికి ఫోన్ చేసింది.

మర్నాడు ఆతియా వచ్చింది. ప్రోగ్రాం తెరిచి చూస్తే సంగతి తెలిసింది. టోకెన్ నంబరు దాచే చోటు కంప్యూటరు లెక్కలో అతి చిన్న గది. అందులో సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకానే పడుతుంది. ఆ పైన మళ్లీ సున్నా. అంతమంది ఒక్కరోజులో వస్తారని హైదరాబాద్ వెళ్లిన కుర్రవాడు అనుకోలేదు.

"గది పెద్దది చెయ్యాలె సిస్టర్. ఇక్కడ కంప్యూటర్ల మార్చాలె, గోడ మీది బోర్డు డబ్బాల చిప్పు కూడా మార్చాలె" అంది విశ్రాంతమ్మతో.

"మార్చు బిడ్డా, జల్దీ మార్చు. లేకుంటే రేపు నా కొంగు పట్టుకుంటరు."

కానీ దవాఖానాలో దేన్ని మార్చాలన్నా సవరయ్య ఒప్పుకోవాలి. ఆయన అక్కడి అడ్మినిస్ట్రేటరు. రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు గానీ, ఆయన ఎర్రసిరా పెన్ను రిటైరు కాలేదు. మార్చేముందు ఇప్పుడున్న ప్రోగ్రాం అంతా కాగితాల మీద అచ్చుతీసి ఫైలులో పెట్టమన్నాడు. ఆతియా పెట్టింది. మూడోరోజుకు ఫైలు తిరిగొచ్చింది. పేజీ పేజీకీ ఎర్రటి సున్నాలు చుట్టి ఉన్నాయి. చుట్టిన ప్రతిచోటా ఒకటే మాట, "అన్‌సైన్డ్".

సవరయ్య జాషువానూ ఆతియానూ తన గదిలో కూర్చోబెట్టాడు.

"ముప్పై ఏండ్లు సర్వీస్ చేసిన. అన్‌సైన్డ్ కాగితం ఒక్కటి నా టేబుల్ దాటిపోలేదు. మీరేంది, ఒక్క ఫైల్ల ఇన్ని అన్‌సైన్డ్ పెట్టిండ్రు? సంతకం ఎవరు చెయ్యాలె? ఎందుకు చెయ్యలే?"

ఆతియా మెల్లగా చెప్పబోయింది. "సార్, అది సంతకం కాదు. అన్‌సైన్డ్ అంటే ఆ నంబరుకు మైనస్ గుర్తు ఉండదని..."

"గుర్తు కూడ లేదా?" అన్నాడు సవరయ్య, ఇంకా ఆందోళనగా.

జాషువా బల్ల కింద ఆతియా బ్యాగును కాలితో తట్టాడు. "చేయిస్త సార్. అన్నీ సైన్డ్ చేయిస్త. రేపే" అన్నాడు.

బయటికి వచ్చాక ఆతియా గేటు దగ్గర ఆగిపోయింది. "సార్, గది గంతే ఉంచి సైన్డ్ చేస్తే ఇంకా ఖరాబ్ అయితది. ఉన్న జాగల సగం మైనస్ నంబర్లకు పోతది. నూట ఇరవై ఏడు తర్వాత..."

"ఆతియా, ఆయన ఏమడిగిండు? సైన్డ్ అడిగిండు. మనం సైన్డ్ ఇస్తున్నం. గది పెద్దగ చెయ్యమని ఆయన అడిగిండా?"

"అడగలే సార్."

"మరింకేంది."

ఆతియా ఆ సాయంత్రమే "అన్‌సైన్డ్" అన్న మాటను వెతికి వెతికి తీసేసింది. చేతులు ఆ పని చేస్తుంటే మనసు వేరే ఎక్కడో కూర్చుని చూస్తున్నట్టు అనిపించింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇంటికి వెళ్తే హెవీ లైసెన్సా లైటా అని అడిగే లోకం. ఫైలు మీద సవరయ్య సంతకం పడింది. దాని కింద తేదీ, దాని కింద ముద్ర.

కొత్త ప్రోగ్రాం పెట్టిన మొదటిరోజే, ఇంకా పన్నెండు కాకముందు, నూట ఇరవై ఎనిమిదో మనిషి బటన్ నొక్కాడు. ఆ మనిషి చందూలాల్. పక్కనున్న తండా నుంచి ఎదిగి మండలంలో తిరిగే నాయకుడు. తెల్లచొక్కా, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఎక్కడికి వెళ్లినా ఆలస్యంగానే వెళ్లేవాడు. ముందు వస్తే నాయకుడని ఎవరు అనుకుంటారు? చీటీ మీద ఒక అడ్డగీత, దాని పక్కన 128 పడింది. అప్పటికి డాక్టరు అరవైల నంబర్లు చూస్తున్నాడు. గంట మోగింది. బోర్డు మీద మైనస్ నూట ఇరవై ఎనిమిది వెలిగింది.

చందూలాల్ చీటీ చూశాడు, బోర్డు చూశాడు, గోడమీది నీలం అక్షరాలు చూశాడు. నాయకుడికి అర్థం కావడానికి ఎంతసేపు?

"చదువుకోండ్రి. తక్కువ నంబరు వారిని ముందు. ఒకటి కంటే తక్కువ ఏంది? సున్న. సున్న కంటే తక్కువ? మైనస్. మైనస్‌ల అన్నిటికంటే తక్కువ ఏది? గిది!" అని చీటీ ఎత్తి చూపించి లోపలికి నడిచాడు.

లెక్క సరిపోయింది.

ఆ రోజు తర్వాత వచ్చినవాళ్లందరికీ మైనస్‌లే పడ్డాయి. తెల్లవారకముందు వచ్చిన అరవైమంది దాకా కూర్చునే ఉండగా, మధ్యాహ్నం అన్నం తిని వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లారు. ఆ వార్త ఆటోల మీద ఊళ్లకు చేరింది. మర్నాడు పొద్దున దవాఖానా గేటు తీసేసరికి బయట జాతరంత జనం ఉన్నారు గానీ, కౌంటరు దగ్గర ఈగ కూడా లేదు. అందరూ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడి మర్యాదలు చేసుకుంటున్నారు.

"మీరు పెద్దోళ్లు, ముందు మీరు తీసుకోండ్రి."

"అయ్యో, జ్వరం నీకు ఎక్కువున్నది తమ్మీ, నువ్వే తీస్కో."

"నాకేం తొందర లేదన్నా. మెల్లగ తీస్కుంట."

అంత మంచితనం ఆ రోడ్డు మీద అంతకుముందు ఎవరూ చూడలేదు. డాక్టరు పది దాటేవరకూ ఒక్కడే కూర్చుని గోళ్లు కత్తిరించుకున్నాడు.

ఈ చిక్కు సవరయ్య విప్పాడు. గేటు తీయకముందే వాచ్‌మన్ చేత నూట ఇరవై ఏడుసార్లు బటన్ నొక్కించి, ఆ చీటీలను మామూలు జనానికి చేత్తో పంచమన్నాడు. ఆ తర్వాత బటన్ డబ్బాను తీగతో సహా తన గదిలోకి మార్పించాడు. మైనస్ చీటీ కావాలంటే ఆయన గదికి రావాలి. వచ్చినవారు ఎవరి తాలూకో చెప్పాలి. చెప్పినవారి చీటీ మీద ఆయన ఎర్రసిరాతో పొట్టి సంతకం పెట్టి ఇచ్చేవాడు.

"ఇప్పుడు నిజంగ సైన్డ్ అయింది" అన్నాడట, మొదటి చీటీ మీద సంతకం చేసి.

వారం తిరిగేసరికి మైనస్ టోకెన్ ఆ చుట్టుపక్కల ఒక హోదా అయిపోయింది. ఎంత తక్కువ నంబరైతే అంత పెద్దమనిషి. మైనస్ ఇరవైలు కాంట్రాక్టర్లకు, మైనస్ డెబ్బైలు సర్పంచులకు. మైనస్ నూట ఇరవై ఎనిమిది రోజూ ఒక్కటే ఉంటుంది కాబట్టి దానికోసం చందూలాల్‌కూ అవతలి పార్టీ మనిషికీ పోటీ పడింది. ఇద్దరికీ జ్వరం లేదు. అయినా ఇద్దరూ రోజూ వచ్చేవారు. చందూలాల్ తన మొదటి చీటీకి లామినేషన్ చేయించి జేబులో పెట్టుకున్నాడని చెప్పుకునేవారు. నంబర్లు అయిపోయాక మిగిలిన మామూలు జనాన్ని రేపు రమ్మనేవారు. వాళ్లు రేపు వచ్చేవారు. రేపు కూడా రేపు రమ్మనేవారు.

ఇదంతా ఖమ్మానికి ఫిర్యాదుగా రాలేదు. ఆర్డరుగా వచ్చింది. దవాఖానా వాళ్లు చాలా సంతృప్తిగా ఉన్నారనీ, సవరయ్య గదికి వేరే బటన్, వేరే చిన్న బోర్డు కావాలనీ జాషువా చెప్పాడు. "చూసినవా? నువ్వు ఉత్తగ భయపడ్డవ్" అన్నాడు.

ఆతియా బోర్డు కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. హాల్లో బల్లలు నిండిపోయి జనం నేల మీద కూర్చున్నారు. గోడకు ఆనుకుని ఒక ముసలమ్మ ఉంది. పేరు ద్వాలి. తండా నుంచి ఎవరో ఆటోలో దింపి వెళ్లారు. వేళ్లు వాచిపోయి ముడుచుకోక, చీటీని మోచేతి దగ్గరి తెల్లగాజుల కింద దోపుకుంది. కళ్లు తెరిచినప్పుడల్లా బోర్డు వైపు చూస్తోంది.

"మీది ఎంత నంబరు అవ్వా?" అని ఆతియా వంగి చూసింది.

ఒకటి.

"పొద్దుగాల్ల అందరూ మంచి నంబర్ వచ్చిందన్నరు బిడ్డా. ఒకటో నంబర్ అంటే మంచిదేనా?"

గంట మోగింది. బోర్డు మీద మైనస్ నలభై ఒకటి. బూట్లు వేసుకున్న మనిషి ఒకడు ఫోన్లో మాట్లాడుతూనే లోపలికి వెళ్లాడు. తర్వాత మైనస్ నలభై. ద్వాలి చెయ్యి ముట్టుకుంటే పెనం మీద పెట్టినట్టు కాలింది. ఆ వేడి అరచేతికి తగిలినప్పుడు, తాను ఒక్కొక్కటిగా తీసేసిన "అన్‌సైన్డ్" అన్న మాట ఆతియాకు గుర్తొచ్చింది. పరుగెత్తి విశ్రాంతమ్మను పిలుచుకొచ్చింది. విశ్రాంతమ్మ ముసలమ్మను రెండు చేతుల్లో పట్టి లేపి, డాక్టరు గది తలుపు మోచేత్తో తోసుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు దగ్గర మైనస్ ముప్పై తొమ్మిది అడ్డం వస్తే, "నీ మైనస్ నువ్వు పట్టుకొని అవతల నిలబడు" అంది.

ద్వాలికి సెలైన్ ఎక్కించి మంచం ఇచ్చారు. బతికింది. కానీ ఆతియా ఆ రోజు ఖమ్మం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏమీ చూడలేదు.

మర్నాడు జాషువాతో అంది. "సార్, రెండో బటన్ పెట్టాలంటే ఈ ప్రోగ్రాంతోటి కాదు. మొత్తం సాఫ్ చెయ్యాలె. అయితే సరే, లేకుంటే ఆర్డర్ వద్దని చెప్పుండ్రి. నేనైతే దాన్ని గిట్ల ముట్టుకోను."

ఆర్డర్ వద్దని చెప్పడం జాషువాకు రాని విద్య. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తనకు తోచిన సలహా కూడా ఇచ్చాడు. "అన్నిటికీ అన్నిటికంటే పెద్ద గది పెట్టెయ్. ఎక్కడ ఏం పొంగదు. సేఫ్."

ఆతియా వద్దంటే వినలేదు. భోజనానికి వెళ్లి వచ్చేలోపు ఆయనే కూర్చుని ప్రోగ్రాంలో కనిపించిన ప్రతి గదినీ నాలుగింతలు చేశాడు. బల్ల మీది నమూనా బోర్డుకు తగిలించి బటన్ నొక్కాడు. బోర్డు ఒకటి చూపించి గంట కొట్టింది. వెంటనే సున్నా, గంట. సున్నా, గంట. సున్నా, గంట. ప్రోగ్రాం ఒక నంబరును నాలుగు ముక్కలుగా పంపుతోంది. ఒక్క ముక్కే ఎరిగిన బోర్డు ఆ నాలుగింటినీ నలుగురు రోగులనుకుంటోంది. కింద రంగుల దుకాణం వాళ్లు ఏం పండుగని అడగడానికి పైకి వచ్చారు.

"పెద్దది అన్ని జాగలల్ల సేఫ్ కాదు సార్" అంది ఆతియా తీగ పీకేసి. "తీగ మీద పొయ్యేది అవతలోనికి ఎంత అంటే గంతే ఉండాలె."

ఆ తర్వాత ఆమె పని చేసిన పద్ధతి చూసేవాళ్లకు పిచ్చిలా కనిపించేది. ప్రోగ్రాంలో పేరు పేరునా ఆగేది. హైదరాబాద్ కుర్రవాడు పెట్టిన పేర్లను బట్టి ఏది దేనికో తెలియదు: ఎ, ఎఎ, ఎఎఎ, టెంప్, టెంప్ టూ. ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి అడిగేది. నువ్వు మైనస్ అవుతావా? ఎంతకు పెరుగుతావు? తీగ దాటి బయటికి వెళ్తావా, ఇంట్లోనే ఉంటావా? టోకెన్ నంబరు ఎన్నడూ మైనస్ కాదు. దానికి గుర్తులేని గది, అరవై ఐదు వేల దాకా పట్టేది, తీగ మీద సరిగ్గా రెండు ముక్కలు. బోర్డు ఎంత ప్రకాశంగా వెలగాలో చెప్పే అంకె పదిహేను దాటదు. దానికి పాత చిన్న గదే చాలు. అన్నిటికీ ఒకటే కొలత పెట్టడం సులువు గానీ, సులువైనదల్లా ఏదో ఒకచోట పగిలేది.

ఒకచోట ఆమెకు నవ్వొచ్చింది. తీగ ఊడిపోతే కంప్యూటరు "మైనస్ ఒకటి" అని జవాబిస్తుంది. అంటే ఏదో చెడిందని అర్థం. కుర్రవాడు ఆ జవాబును మైనస్ పట్టని గదిలో వేశాడు. అందులో అది రెండు వందల యాభై ఐదు అయి కూర్చునేది. తర్వాతి వరసలోనే "జవాబు సున్నా కంటే తక్కువా?" అని అడిగేవాడు. ఎప్పుడూ కాదు. తీగ ఊడినా, ఎలుక కొరికినా, అంతా సవ్యంగా ఉందనే రిపోర్టు. సవరయ్య అన్నీ సైన్డ్ చేయించినప్పుడు ఈ ఒక్కటి పొరపాటున బాగుపడింది. దాన్ని ఆమె అలాగే ఉంచి, తక్కినవి మార్చింది.

ఫైలు మళ్లీ సవరయ్య గదికి వెళ్లింది. ఈసారి ఆతియా ప్రతి గదికీ దాని కొలత పేరులోనే కనిపించేలా పొట్టి పేర్లు వాడింది: యు ఎనిమిది, యు పదహారు. అలా రాస్తే ఏది ఎంతో చదివేవాడికి వెంటనే తెలుస్తుంది. "అన్‌సైన్డ్" అనే పొడుగు మాట ఎక్కడా రాలేదు, దాని మొదటి అక్షరం యు ఒక్కటే మిగిలింది. సవరయ్య పెన్ను మూత తీసి పేజీలు తిప్పాడు. చుట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఈ యు ఏంది?"

ఆతియా నోరు తెరిచేలోపు జాషువా అందుకున్నాడు. "యు అంటే మీరు సార్. ఇంగ్లీషుల యు, తెలుగుల మీరు. గౌరవం కోసం అన్ని జాగలల్ల పెట్టింది."

సవరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ అన్నిసార్లు గౌరవించలేదు. సంతకం పెట్టాడు. ఆతియా నేల వైపు చూస్తూ కూర్చుంది. అది అబద్ధమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటున్న ద్వాలి గుర్తొచ్చి మింగేసింది.

చిప్పు మార్చి కొత్త ప్రోగ్రాం పెట్టినరోజు ఆతియా హాల్లోనే ఉంది. బటన్ డబ్బా కూడా విశ్రాంతమ్మ పుణ్యమా అని మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చింది. ఇద్దరు ఆయమ్మలను వెంటబెట్టుకుని సవరయ్య గదిలోకి వెళ్లి, తీగ చుట్టుకుంటూ బయటికి వచ్చేసిందావిడ. చందూలాల్ ఎప్పటిలా ఆలస్యంగా వచ్చి నొక్కాడు. చీటీ మీద నూట నలభై మూడు. ముందు అడ్డగీత లేదు. చీటీని వెలుగుకు పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"నా మైనస్ ఏది?"

"మైనస్ పోయింది సార్" అంది ఆతియా.

"ఎవరు తీసేసిండ్రు?"

"నేనే."

"ఎవరిని అడిగి తీసినవమ్మా? నిన్నటిదాంక ఉన్న హక్కు ఇయ్యాల ఎట్ల పోతది?"

గంటలోపే గేటు ముందు ధర్నా మొదలైంది. మైనస్ టోకెన్లను పునరుద్ధరించాలి. ఏళ్ల తరబడి ఉన్న సౌకర్యాన్ని కాపాడాలి. సౌకర్యం వయసు నెల కూడా లేదు. అయినా నినాదానికి ఏళ్లే బాగుంటాయి. అవతలి పార్టీ మనిషి కూడా వచ్చి చందూలాల్ చెయ్యి పట్టుకున్నాడు. సిద్ధాంతాల దగ్గర ఎన్నడూ కలవనివాళ్లు అక్కడ కలిశారు. సవరయ్య కిటికీలోంచి చూసి, కమిటీ వేస్తామని చీటీ రాసి పంపాడు.

కానీ ధర్నాకు బైఠాయించాలి. బైఠాయించడానికి మోకాళ్లు వంగాలి. ఆ కాలంలో ఆ మండలంలో మోకాళ్లు వంగే కార్యకర్తలు ఎంతమంది? కూర్చున్నవాళ్లు లేవలేకపోయారు. లేవలేనివాళ్లను లేపబోయినవాళ్లు "అమ్మా" అని పక్కనే కూలబడ్డారు. షామియానా దుకాణానికి కుర్చీల కోసం మనిషిని పంపితే, దుకాణం వాడికే జ్వరమని కబురొచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి కార్యకర్తలు ఒక్కొక్కరే గేటు పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి, బటన్ నొక్కి, చీటీ తీసుకుని బల్లల మీద కూర్చున్నారు. చివరికి చందూలాల్ నినాదం ఇస్తే అందుకోవడానికి అవతలి పార్టీ మనిషి ఒక్కడే మిగిలాడు. ఆయనా ఒళ్లు వెచ్చగా ఉందంటూ వెళ్లిపోయాడు.

చందూలాల్ కాసేపు ఒక్కడే నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఆతియా పక్కన కూర్చున్నాడు.

"నూట నలభై మూడు ఎప్పుడొస్తదమ్మా?" అన్నాడు. నిజంగానే మోకాలు పట్టుకుని ఉన్నాడు. ఆ ఉదయం నుంచే మొదలైందట.

"నూట నలభై రెండు అయినంక సార్."

ఆయన తల ఊపాడు. ఆ జవాబు ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది.

సాయంత్రానికి నంబరు రెండు వందల యాభై దాటింది. ఆతియా లేచి బటన్ దగ్గర నిలబడింది. రెండు వందల యాభై నాలుగు. యాభై ఐదు. తర్వాత వచ్చినవాడు చీటీ తీసుకున్నాడు. రెండు వందల యాభై ఆరు. గంట మోగలేదు. బోర్డు ఏమీ మారలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. చీటీ తీసుకున్నవాడు బల్ల మీద జాగా వెతుక్కుని కూర్చున్నాడు. తన పని ఎలా ఉందని ఎవరైనా అడిగితే చూపించడానికి అక్కడ ఏమీ లేదు. విశ్రాంతమ్మ మాత్రం అటుగా పోతూ, "ఏంది బిడ్డా, గట్ల నవ్వుతున్నవ్? చాయ్ తాగినవా?" అంది.

చలికాలానికి జ్వరాలు తగ్గాయి. దవాఖానాకు మళ్లీ రోజుకు డెబ్బై ఎనభై మందే రావడం మొదలైంది. సవరయ్య వేసిన కమిటీ, ఆయన గదికి అడిగిన రెండో బటన్ సంగతి కూడా తేల్చకుండా, రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ బిస్కెట్లు బాగున్నాయని లేచింది. చందూలాల్ పైవాళ్లను పట్టుకుని, తన మనుషులు డాక్టరును సాయంత్రం ఇంటి దగ్గర కలిసే ఏర్పాటు చేయించుకున్నాడు. దానికి టోకెన్ అక్కర్లేదు, కాబట్టి ఆతియా చేయగలిగింది కూడా ఏమీ లేదు. జాషువా అరవై ఐదు వేల మాట విని నొచ్చుకున్నాడు. "గంత పెద్దగ చేసినవ్, వాళ్లు ఎనభై కూడ వాడుతలేరు" అని చాలాకాలం అంటూ వచ్చాడు. అయినా ఆ ఉదంతం నుంచి ఆయనొక పాఠం నేర్చుకున్నాడు. మైనస్ అనేది ప్రమాదకరమైన వస్తువని, తమ కంపెనీ సరుకులో ఇకమీదట అది కనిపించకూడదని నిశ్చయించుకున్నాడు.

ఎండాకాలం ముందు ఖమ్మంలో ఒక ఐస్‌క్రీం ఫ్యాక్టరీ వాళ్లు తమ శీతల గదులకు చలి ఎంతుందో చూపించే బోర్డులు కావాలని వచ్చారు. జాషువా వాళ్లకు చాయ్ తెప్పించి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని హామీ ఇచ్చాడు.

"మా బోర్డుల మైనస్ అసలే రాదు సార్. గ్యారంటీ."

ఫ్యాక్టరీ ఆయన గ్లాసు కింద పెట్టాడు. లోపలి గదిలో ఆతియా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. దుపట్టా సర్దుకుని, కాగితం, పెన్ను తీసుకుని వచ్చి వాళ్లెదురుగా కూర్చుంది.

"మీ గది అన్నిటికంటే ఎంత చల్లగ పోతది సార్? అది చెప్పుండ్రి ముందు" అంది.